రాజుగారి బోగీ ఒకటి మన ఊళ్లోనే ఉండాలి: మిల్టన్ కీన్స్ తెలుగు కుటుంబాలకు బహిరంగ లేఖ

ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్, వుల్వర్టన్, న్యూ బ్రాడ్‌వెల్, స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువారందరికీ నమస్కారం.

2025 జూన్ 30న బకింగ్‌హామ్ ప్యాలెస్ నుంచి ఒక ప్రకటన వచ్చింది. బ్రిటన్ రాజకుటుంబం కోసం నడిపే ప్రత్యేక రైలును 2027 కల్లా ఆపేస్తారట. రైలు పాతబడింది, ఖర్చు ఎక్కువవుతోంది, కొత్త హెలికాప్టర్లు ఉన్నాయి కాబట్టి ఇక ఇది అవసరం లేదన్నారు. చరిత్ర విలువ ఉన్న కొన్ని బోగీలను మాత్రం జనం చూసేలా ఎక్కడో ఒకచోట శాశ్వతంగా ఉంచుతామన్నారు. ఈ వార్త మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రైలు ఉండేది మన వుల్వర్టన్‌లోనే, స్ట్రాట్‌ఫర్డ్ రోడ్డు పొడవునా సాగే ఇటుక గోడ వెనకాలే అన్న సంగతి మాత్రం మన కుటుంబాల్లో చాలామందికి తెలియదు. ఉగాది రోజు నలుగురు కలిసినప్పుడు ఈ మాట ఎత్తితే, "అవునా, ఇక్కడా?" అన్నవాళ్లే ఎక్కువ.

ఆ బోగీల్లో కనీసం ఒకటి వుల్వర్టన్‌లో ఉండిపోవాలని మనమందరం గట్టిగా అడగాలి. ఈ లేఖ అందుకే. ఊరికే అడగడం కాదు, ఎందుకు అడుగుతున్నామో తెలిసి అడగాలి. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

మనకి వుల్వర్టన్ అంటే ఏమిటి? లండన్ యూస్టన్‌కి గంటలోపు రైలు, మిల్టన్ కీన్స్ సెంట్రల్‌తో పోలిస్తే కాస్త తక్కువ అద్దెలు, పెద్ద టెస్కో సూపర్‌మార్కెట్. మిల్టన్ కీన్స్ అనే కొత్త నగరాన్ని కట్టాలని 1967లో నిర్ణయించారు. సెంట్రల్ స్టేషన్ 1982లో తెరిచారు. వుల్వర్టన్‌కి రైలు వచ్చింది 1838లో. మన తాతముత్తాతల కాలంలో, తెలుగునేల మీద పట్టాలు పడకముందే, ఇక్కడ రైలింజన్లు బాగుచేసే కార్ఖానా మొదలైంది. నగరం వచ్చి ఊరిని కలుపుకుంది గానీ, నగరానికి అసలైన పెద్దదిక్కు ఈ ఊరే.

లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి 112 మైళ్లు. రాబర్ట్ స్టీఫెన్సన్ ఇంజనీరుగా వేసిన ఆ లైను 1838 సెప్టెంబరులో పూర్తిగా తెరుచుకుంది. అప్పటి ఇంజన్లు అంత దూరం ఒక్క ఊపులో లాగలేవు. సగం దారిలో ఇంజను మార్చాలి, వేడెక్కిన భాగాలు చూడాలి, నీళ్లు పట్టాలి. లండన్‌కి సుమారు 52 మైళ్ల దూరంలో, కాలువ పక్కన, పెద్ద రోడ్లకి దగ్గరగా ఉన్న పొలాలు రైల్వే కంపెనీ కంట పడ్డాయి. ఆ భూములు ర్యాడ్‌క్లిఫ్ ట్రస్టువి. అక్కడ కార్ఖానా కట్టారు, కార్ఖానాలో పనిచేసేవాళ్లకి ఇళ్లు కట్టారు, పిల్లలకి బడి పెట్టారు, 1844లో సెయింట్ జార్జ్ చర్చి లేచింది. వీధులకి కంపెనీ పెద్దల పేర్లు పెట్టారు. గ్లిన్ స్క్వేర్ అంటే కంపెనీ ఛైర్మన్ జార్జ్ కార్ గ్లిన్, క్రీడ్ స్ట్రీట్ అంటే కార్యదర్శి రిచర్డ్ క్రీడ్. ఆ పేర్లు ఇవాళ్టికీ మన డెలివరీ చిరునామాల్లో ఉన్నాయి. ప్రపంచంలో రైల్వే కోసమే పుట్టిన మొదటి ఊరు మాదేనని వుల్వర్టన్ వాళ్లంటారు. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న షిల్డన్ ఊరివాళ్లు ఆ మాట ఒప్పుకోరు. షిల్డన్ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంజను మార్చడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాల్లో ప్రయాణికులు ఏం చేస్తారు? తింటారు. 1840లో కట్టిన రెండో స్టేషన్‌లో పెద్ద ఫలహారశాల పెట్టారు. అక్కడ ఎంత అమ్ముడయ్యేదో సర్ ఫ్రాన్సిస్ హెడ్ అనే ఆయన 1849లో లెక్క రాసిపెట్టాడు. ఏడాదికి 182,500 బ్యాన్‌బరీ కేకులు, అంటే పొరల పిండిలో ఎండుద్రాక్ష కూరి కాల్చినవి. రోజుకి ఐదు వందలన్నమాట. వాటికి తోడు 56,940 క్వీన్ కేకులు. మాంసం పైల కోసం స్టేషన్ వాళ్లే పందుల్ని పెంచేవాళ్లు, ఏడాదికి 85. గంట కొట్టేలోపు వేడి కాఫీ గొంతులో పోసుకుని పరుగెత్తే జనం, కౌంటరు వెనక చేతులు ఆడించే ఆడపిల్లలు. మన జంక్షన్లలో ఇడ్లీ పొట్లం పట్టుకుని కదులుతున్న రైలెక్కిన వాళ్లకి ఆ హడావిడి వేరే చెప్పక్కర్లేదు. ఇంజన్లు బలపడి, సగం దారిలో ఆగాల్సిన పని తగ్గాక ఆ వైభవం పోయింది.

ఊరికి మొదటి పెద్ద దెబ్బ 1860లలో తగిలింది. అప్పటికి లైను లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే చేతిలో ఉంది. ఇక్కడ ఇంజన్ల విభాగాన్ని నడిపిన మెక్‌కానెల్ 'బ్లూమర్' అని పేరుపడ్డ ఇంజన్లు చేసినవాడు. కంపెనీ ఛైర్మన్ రిచర్డ్ మూన్‌తో పొసగక 1862లో దిగిపోయాడు. ఇంజన్ల పని క్రూ పట్టణానికి తరలిపోయింది. ఎన్నో కుటుంబాలు సామాన్లు సర్దుకుని దాని వెంట వెళ్లాయి. కంపెనీ ఒకచోట టీమ్‌ని మూసేసి ఇంకోచోటికి మారమంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. మిగిలినవాళ్లకి బోగీలు కట్టే పని ఇచ్చారు. ఆ పనిలోనే వుల్వర్టన్ దేశం మొత్తం మీద పేరు తెచ్చుకుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాదాపు 5 వేల మంది ఆ గోడ వెనక పనిచేసేవాళ్లు. వడ్రంగులు, కమ్మరులు, రంగులు వేసేవాళ్లు, సీట్లకి గుడ్డ కుట్టేవాళ్లు, గిల్టు పూసేవాళ్లు. ఊరంతా కార్ఖానా సైరన్‌కి లేచేది, సైరన్‌కి అన్నానికి కూర్చునేది.

ఇక్కడ స్టేషన్ గురించి ఒక మాట చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. సాధారణంగా రైలు మార్గాన్ని బట్టి కార్ఖానా సర్దుకుంటుంది. వుల్వర్టన్‌లో కార్ఖానా కోసం రైలు మార్గమే పక్కకి జరిగింది. షెడ్లు పెరిగి పెరిగి పాత లైను వాటి మధ్యలో ఇరుక్కుపోతే, మెయిన్ లైనునే తూర్పుకి వంపు తిప్పి, 1881లో స్టేషన్‌ని మూడోసారి, ఇప్పుడున్న చోట కట్టారు. ఈసారి యూస్టన్ నుంచి ఉత్తరానికి వెళ్తున్నప్పుడు వుల్వర్టన్ దగ్గర కిటికీలోంచి చూడండి, రైలు ఒంపు తిరగడం తెలుస్తుంది. దేశంలోకెల్లా ముఖ్యమైన లైను ఈ ఊరి పనివాళ్లకి దారిచ్చి పోతోంది. అప్పుడు కట్టిన స్టేషన్ భవనాన్ని ఆ తర్వాత పడగొట్టేశారు. చాలా ఏళ్లపాటు ఊరికి సరైన భవనమే లేకపోయింది. ఇప్పుడు మనం టికెట్ కొంటున్న భవనం 2012లో వచ్చింది.

కార్ఖానా చుట్టూ ఏర్పడిన జీవితం గురించి రాయాలంటే ఒక లేఖ చాలదు. ర్యాడ్‌క్లిఫ్ ట్రస్టు ఇళ్లకి ఇంకా భూమి ఇవ్వనంటే కంపెనీ పక్క ఊరి పొలాల్లో ఇళ్లు కట్టింది, అదే న్యూ బ్రాడ్‌వెల్. స్పెన్సర్ స్ట్రీట్‌లో ఆ పనివాళ్ల ఇళ్లు కొన్ని మిగిలే ఉన్నాయి. కార్ఖానాలో మగవాళ్లకే పని, మరి వాళ్ల కూతుళ్ల సంగతి? 1878లో మెక్‌కార్కడేల్ ప్రింటింగ్ ప్రెస్ వచ్చాక ఆడపిల్లలు వందలుగా అక్కడ చేరారు. స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ నుంచి వచ్చేవాళ్ల కోసం 1887లో ఆవిరి ట్రాము మొదలైంది. ఒక్కో పెట్టెలో వంద మంది కూర్చునేవాళ్లు, బ్రిటన్‌లో అంత పెద్ద ట్రాము పెట్టెలు వేరే లేవు. 1926 సార్వత్రిక సమ్మెలో ఆగిన ట్రాము మళ్లీ కదల్లేదు. న్యూపోర్ట్ ప్యాగ్నెల్‌కి వెళ్లే చిన్న రైలుని జనం ముద్దుగా 'నాబీ' అని పిలిచేవాళ్లు. 1964లో దాన్నీ ఆపేశారు. ఆదివారం మనవాళ్లు పిల్లల సైకిళ్లతో వెళ్లే రైల్వే వాక్ ఉంది కదా, అది ఆ నాబీ నడిచిన దారే.

ఇక రాజుల బోగీల దగ్గరికి వద్దాం.

1869లో విక్టోరియా రాణి కోసం రెండు బోగీలు వుల్వర్టన్‌లో తయారయ్యాయి. లోపల పైకప్పు దాకా పరుపులా కుట్టిన పట్టు, నేలమీద మెత్తటి తివాచీ, చక్రాల మోత వినపడకుండా అంత శ్రద్ధ. ఒక బోగీ నుంచి ఇంకోదానిలోకి నడిచి వెళ్లడానికి మధ్యలో మడతలు పడే తోలు దారి పెట్టారు. ఇవాళ ప్రతి రైల్లో ఉండే ఆ ఏర్పాటు బ్రిటన్‌లో మొదట కనిపించిన చోట్లలో ఇదొకటి. అయినా రైలు కదులుతుండగా రాణి దాన్ని దాటేది కాదట, ఆగాకే దాటేదట. తర్వాత 1895లో ఆ రెండింటినీ కలిపి ఒకే పెద్ద బోగీ చేశారు. ఆమె కొడుకు ఏడో ఎడ్వర్డ్ కోసం 1900ల మొదట్లో మరో రైలు ఇక్కడే కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, ఆరో జార్జ్ కోసం ఉక్కు కవచాలు తొడిగిన బోగీలు కూడా ఇక్కడివే. 1977లో ఎలిజబెత్ రాణి సింహాసనం ఎక్కిన రజతోత్సవానికి, డెర్బీలో తయారైన రెండు ప్రయోగాత్మక బోగీలని ఇక్కడికి తెచ్చి, లోపలంతా మార్చి, రాణికి ఒకటి, ఆమె భర్తకి ఒకటి సిద్ధం చేశారు. బయట ముదురు ఎరుపు రంగు. లోపల ఆర్భాటం లేదు. ఒంటి మంచం, రాత బల్ల, చిన్న స్నానాల తొట్టి. ఇప్పుడు ఆపేస్తామంటున్నది ఆ రైలునే.

ఇంతవరకు చదివాక మీలో కొందరికి ఒక ప్రశ్న వస్తుంది. నాకూ వచ్చింది. ఈ రాజులు, రాణులు మన దేశాన్ని ఏలినవాళ్లు. వాళ్ల పట్టు పరుపుల బోగీ ఎక్కడుంటే మనకేంటి? న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. అందులో రాజు పడుకున్నది కొద్ది రాత్రులు. దాన్ని చేసింది, ఏళ్లతరబడి తుడిచింది, పాడైనప్పుడల్లా బాగుచేసింది ఈ ఊరి పనివాళ్లు. రాణిగారి బోగీ కుట్టిన చేతులే మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఆసుపత్రి రైళ్లు చేశాయి. బోగీలకి చెక్క కోసిన వడ్రంగులే రెండో యుద్ధంలో ఇంజను లేకుండా ఎగిరే హోర్సా గ్లైడర్ల పనికి దిగారు, ఎందుకంటే ఆ విమానాలు చెక్కవి. ఆ బోగీని నేను రాజుగారి ఆస్తిగా చూడను. ఈ ఊరి వడ్రంగుల, కమ్మరుల పనితనంగా చూస్తాను. దాని కోసమే అడుగుతున్నాను.

ఆ పనితనంలో ఇప్పుడు ఊరికి మిగిలింది చాలా తక్కువ. విక్టోరియా బోగీ, ఎడ్వర్డ్ బోగీలు, యుద్ధకాలపు బోగీలు యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియం సొత్తు. పిల్లలకి వాటిని చూపించాలంటే ఇక్కడి నుంచి పొద్దున్నే బయల్దేరి వెళ్లాలి. కార్ఖానా స్థలంలో కొంత టెస్కోకి పోయింది. రాజుగారి రైలు పెట్టిన పాత షెడ్డు ఇప్పుడు ఫ్లాట్లు. మిగిలిన పాత షెడ్లని పడగొట్టి ఇళ్లు కట్టే ప్రణాళిక మీద వారసత్వ కట్టడాల కోసం పనిచేసే సంస్థలు ఏళ్లుగా పోరాడాయి. 1970ల చివర్లో ర్యాడ్‌క్లిఫ్ స్ట్రీట్‌కి అడ్డంగా అగోరా అనే షాపింగ్ సెంటర్ కట్టి ఊరి నడుమ దారి మూసేశారు. అది తప్పని అందరూ ఒప్పుకుని పడగొట్టడానికి 2022 దాకా పట్టింది. ఈ ఊళ్లో ఒకసారి పోయినది తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో ఈ ఒక్కదాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. ఉన్న ఆఖరి బోగీలు కూడా లారీ ఎక్కి వెళ్లిపోతే, 1838 నుంచి సాగిన కథకి ఊళ్లో సాక్ష్యంగా నిలిచేది ఒక ఇటుక గోడ, కొన్ని వీధుల పేర్లు మాత్రమే.

యార్క్ వాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పాత బోగీని కాపాడటం చిన్న పని కాదు. తేమ తగలకూడదు, ఎండ పడకూడదు, పట్టు, చెక్క, రంగు దేనికదే జాగ్రత్త. ఇప్పటి రాజకుటుంబ బోగీ ఒక్కొక్కటి 23 మీటర్ల పొడవు, టన్నుల కొద్దీ బరువు. తెచ్చి ఆరుబయట పెడితే పదేళ్లలో తుప్పు పట్టిపోతుంది. కాబట్టి "మాకివ్వండి" అనడంతో సరిపోదు, పైకప్పు ఉన్న షెడ్డు కూడా అడగాలి, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా మాట్లాడాలి.

అయితే ఇది అయ్యే పనేనా? షిల్డన్‌ని చూడండి. 1825లో స్టాక్‌టన్ అండ్ డార్లింగ్టన్ రైల్వే మొదలైన ఊరు. అక్కడి వ్యాగన్ల కార్ఖానా 1984లో మూతపడి ఊరు కుదేలైంది. 2004లో అదే ఊళ్లో లోకోమోషన్ అనే మ్యూజియం తెరిచారు. నడిపేది ఎవరనుకున్నారు? యార్క్ మ్యూజియం వెనకున్న సైన్స్ మ్యూజియం గ్రూపే. జాతీయ సేకరణలోని ఇంజన్లు, బోగీలు యార్క్‌లోనే ఉండాలన్న నియమమేమీ లేదు, వాటిని పుట్టిన ఊరికి తీసుకెళ్లొచ్చని వాళ్లే చేసి చూపించారు. షిల్డన్‌కి చేసినది వుల్వర్టన్‌కి ఎందుకు చేయకూడదు?

చోటు కూడా ఉంది. స్టేసీ హిల్ ఫామ్‌లో ఉన్న మిల్టన్ కీన్స్ మ్యూజియం వుల్వర్టన్‌లోనే ఉంది. నేను చెప్పిన ఆవిరి ట్రాము పెట్టె ఒకటి అక్కడ చూడొచ్చు. పిల్లల్ని తీసుకెళ్లండి, ముందు అదొక్కటైనా చేయండి. దాని పక్కన నిలబడితే తెలుస్తుంది అదెంత పెద్దదో. అలాంటి చోట, లేదా కార్ఖానా స్థలంలో మిగిలిన ఒక పాత షెడ్డులో, ఒక రాజకుటుంబ బోగీని పెట్టొచ్చు. అక్కడ కడతామంటున్న కొత్త ఇళ్ల అనుమతుల్లో ఇది కూడా ఒక షరతుగా ఉండాలని కౌన్సిల్‌ని అడగొచ్చు.

మనమే ఎందుకు అడగాలి అంటారా? మనం ఇక్కడ ఇళ్లు కొనుక్కున్నాం, కౌన్సిల్ టాక్స్ కడుతున్నాం. మన పిల్లలు ఇక్కడే పుట్టి, ఇక్కడి బళ్లలోనే చదువుతున్నారు. "మీది ఏ ఊరు?" అంటే వాళ్లు చెప్పేది గుంటూరో వరంగలో కాదు, వుల్వర్టన్. పని కోసం దూరం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లతోనే ఈ ఊరు మొదలైంది. 1838లో ఇక్కడికి వచ్చిన ఫిట్టర్లు, కమ్మరులు ఇంగ్లండ్ ఉత్తరాది నుంచి, స్కాట్లండ్ నుంచి కూడా వచ్చారు. చుట్టూ ఉన్న పల్లెలవాళ్లకి వాళ్ల యాస కొత్త. ఆ వరసలో మనమూ ఉన్నాం. ఊరి మంచిచెడ్డల్లో మాట్లాడే హక్కు మనకుంది. ఇప్పటిదాకా మనం ఎక్కువగా మన పండగలకి హాలు బుక్ చేసుకోవడానికే కౌన్సిల్ వాళ్లతో మాట్లాడుతున్నాం. అది సరిపోదు.

కాబట్టి నా విన్నపం. ఇంటికొక ఉత్తరం చాలు. మీ ఎంపీకి, మిల్టన్ కీన్స్ సిటీ కౌన్సిల్‌లో మీ వార్డు కౌన్సిలర్‌కి, సైన్స్ మ్యూజియం గ్రూపుకి, బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి రాయండి. నలుగురికీ ఒకే ఉత్తరం పంపినా ఫర్వాలేదు. పొడుగ్గా అక్కర్లేదు, మూడు సంగతులు ఉంటే చాలు: మీరు ఈ ప్రాంతంలో ఉంటున్నారని, 1869 నుంచి రాజకుటుంబ బోగీల పని ఈ ఊళ్లోనే జరుగుతోందని, వాటిలో ఒకటైనా జనం చూసేలా వుల్వర్టన్‌లో, పైకప్పు కింద ఉండాలని. మీ పేరు, పోస్ట్‌కోడ్ తప్పకుండా రాయండి, అవి లేని ఉత్తరాలను పక్కన పెట్టేయొచ్చు. ఇంగ్లిష్‌లో రాయడానికి ఇబ్బందిపడే అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే వాళ్లు చెప్పింది పిల్లల చేత రాయించండి, ఆ వంకన పిల్లలకీ ఊరి సంగతి తెలుస్తుంది. రైలు 2027 కల్లా ఆగిపోతుంది, ఏ బోగీ ఎక్కడికి వెళ్లాలో అంతకంటే ముందే తేల్చేయొచ్చు. అందుకని పండగ దాకా ఆగొద్దు, ఈ వారంలోనే రాయండి.

వుల్వర్టన్ నుంచి,
మీలో ఒకరు